ఐదో నంబరు వీపు

పేరులో ఢిల్లీ, పిలుపులో ఇటలీ.
మనిషి మాత్రం రేణిగుంట వాడు,
గుంతకల్లు డివిజను దాటి ఎరగడు.

ఢిల్లీబాబు అంటే ఎవరికీ తెలీదు.
ఇటలీ అంటే మటుకు
వర్క్‌షాపు గేటు కాడ టీ కొట్టాయన కూడా
గ్లాసు కడిగేది ఆపి అడుగుతాడు
"యా ఇటలీ? మన ఇటలీనేనా?"

తొంభైలో వచ్చిందా పేరు.
రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో అర్ధరాత్రి,
ఇటుకరాయి ఆనించిన స్టాండు మీద టీవీ.
మేమంతా గోలు కొట్టేవాళ్లకు ఈలలేస్తా ఉంటే
వాడొక్కడూ నీలం చొక్కాల వెనక వరుసనే చూసినాడు.
నిద్రపోతున్న నన్ను తట్టి లేపి చెప్పినాడు
"చూడ్రా, వీళ్లు బంతెంబడి పరిగెత్తరు.
పెండ్లికి ముందురోజే దిగిన మేనమామ మాదిరి
అది వచ్చే చోటికి ముందే పోయి
నిలబడుకోనుంటారు."

నేను గోలీని.
పదకొండేళ్లు నేను చూసింది వాడి వీపునే.
షణ్ముగం టైలరు కుట్టిన ఐదో నంబరు,
దాని పొట్ట కుట్లూడి గాలికి లేస్తా ఉండేది.
చెమట ఎండి చొక్కా మీద ఉప్పు గీతలు.
ఎడమ భుజం వంగిందా, బంతి నా కుడికి వస్తుంది.
మెడ బిగిసిందా, కార్నర్.
రెండు భుజాలూ ఒక్కసారే దించినాడంటే
ఇంక నీ పాటు నీదిరా అబ్బా అని.

పగలు బోగీలకు బ్రేకు బ్లాకులు బిగించే పని,
సాయంత్రం కూడా అదే పని.

గోలు కొట్టినోడి పేరు పేపర్లో వస్తాది.
పడకుండా పోయిన గోలుకు
ఎవరు పేరు పెడతారు?
ఒక్కసారి అచ్చయ్యింది వాడిది,
అరక్కోణం మీద ఫైనల్లో, సెల్ఫ్ గోల్.
నా వేళ్ల సందునే పోయింది ఆ బంతి.
నా తప్పూ ఉంది అందులో, పేపరోడికి తెలీదు,
వాడు చెప్పలా.
ఆ ముక్క కత్తిరించి
రైల్వే పాసు కవర్లో పెట్టుకున్నాడు.

ముప్పై నాలుగో ఏట మోకాలు పోయింది.
అంతే. శాలువా, ఒక గోడ గడియారం.

ఇప్పుడు శెట్టిపల్లి గ్రౌండులో ఆడపిల్లోళ్లకు కోచ్.
నెల రోజులు బంతే ముట్టనీలేదు.
మామిడికాయల లోడుకు కట్టే నైలాన్ తాడుతో
నలుగురి నడుములూ కలిపి కట్టి
ఒక్క మనిషి మాదిరి కదలమంటాడు.
ఒకమ్మ వచ్చి కొట్లాడింది
"మేకలనుకున్నావా సామీ మా బిడ్డల్ని?"
మేకలైతే ఇంతకంటే బాగా కదుల్తాయి తల్లీ అన్నాడు.
ఆ పిల్ల వారం రోజులు రాలేదు.

మొదటి ఆరు మ్యాచ్‌లూ సున్నా ఒకటి.
ఏడోది సున్నా సున్నా.
ఆ రాత్రి మాకందరికీ పరోటాలు ఇప్పించినాడు.

మొన్న చిత్తూరులో, మదనపల్లె టీమ్ మీద,
బెంచీలో వాడి పక్కన కూర్చున్నాను.
ఇన్నేళ్లకు మ్యాచ్ నడస్తా ఉండగా
వాడి మొగం చూడడం అదే మొదలు.
పెదాలు కదుల్తా ఉన్నాయి, మాట రాదు.
మైదానంలో ఐదో నంబరు పిల్ల, మస్తానీ,
దాని ఎడమ భుజం వంగకముందే
ఇక్కడ వీడిది వంగుతా ఉంది.

ఎనభై ఆరో నిమిషం.
అడ్డం పడబోయి, మడమకు తగిలి,
మస్తానీ మన గోల్లోకే వేసేసింది.

అయిపోయినాక ఆ పిల్ల
బోరింగు కాడ మొగం కడుక్కుంటానే ఉంది,
ఎంతసేపటికీ ఆపదే.
వాడు కుంటుకుంటా పోయి
పాసు కవరు తీసి,
పసుపుపచ్చగా మడతల్లో చినిగిన ముక్కను
తడవకుండా పట్టుకుని చూపించినాడు.
ఓదార్చే మాట ఒక్కటీ అనలేదు. వాడికి రాదు.

ఆ పిల్ల చీమిడి తుడుచుకుంటా
అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి,
తలెత్తి అడిగింది
"సార్, మీ పేరు ఢిల్లీబాబా?"

నేను దూరంగా తాడు చుట్టుకుంటా ఉన్నాను.
వాడి వీపు అదురుతా ఉంది.
నవ్వో, ఇంకొకటో.
పదకొండేళ్లు చదివిన వీపే,
అయినా చెప్పలేకపోయినాను.