చేతికి ఒకటి

లిండ్స్‌బర్గ్, కాన్సస్. ఫిబ్రవరి.
గోధుమ చేల మీంచి వచ్చిన గాలి
ఆల్మా సోడర్‌లండ్ గారి కిటికీ సందులో ఈల వేస్తోంది.
హాల్లో ఓ మూల, మనిషిన్నర ఎత్తున
స్వీడన్ నుంచి గడ్డి పెట్టెల్లో దిగిన పింగాణీ పొయ్యి.
వంటకి కాదు, ఇంటికి ఒళ్ళు వెచ్చబడ్డానికి.

వెనక గోడకి చెమ్మ.
గోడ బాగుపడాలంటే పొయ్యి విప్పాలి.
డ్వైట్ ఉలి ఆడిస్తాడు, నేను ఊడొచ్చినదాన్ని పట్టుకుని
వీపు మీద బలపంతో అంకె వేసి
పాత దుప్పట్లో పడుకోబెడతాను.
మా భాషలో ఇదీ పలకే,
అ ఆలు దిద్దిందీ పలకే అన్నాను.
నవ్వాడు. ఏం అర్థమయిందో.

పై వరస మాత్రం పలకలు కావు, ఉత్త గచ్చు.
సున్నం మీద ఎవరో కుంచెతో వేసిన నీలం పూలు,
కాడలన్నీ వంకర.
"అది ఆకాశం" అంది ఆల్మా గారు,
"పైకి పోయేకొద్దీ పూలు మెత్తబడతాయని
మా హెడ్విగ్ అత్త చెప్పేది."

లోపల పొగదారి ఐదు మెలికలు.
వచ్చిన వేడంతా ఇటుకల దగ్గర వదిలేసి
పొగ ఒట్టి చేతుల్తో పైకి పోయేదట.
నా గోళ్ళలో ఇంకా ఆ మసే.

మూడో రోజు, అడుగు వరసలో,
యాభై ఎనిమిదో పలక.
వెనక పెన్సిల్ రాత, నిప్పు తగలని చోట:
నలభై మూడు, దాని కింద ఇరవై తొమ్మిది,
ఓ గీత,
అరవై రెండు.

తొమ్మిదీ మూడూ పన్నెండు.
రెండు వేశాడు. చేతికి ఒకటి
చేతిలోనే ఉండిపోయింది.
ఏ కార్ఖానాలో, ఏ సాయంత్రం పూట
ఇంటికెళ్ళే తొందరలో కూడాడో,
పది పలకలు తక్కువ పడి
సముద్రం ఇవతల ఒక మేస్త్రి
సున్నం కలిపి ఆకాశం చేశాడు.

ఆల్మా గారు కళ్ళజోడు పెట్టుకుని
తనూ ఓసారి కూడింది. మళ్ళీ కూడింది.
దగ్గొచ్చేదాకా నవ్వింది.

అచ్చం ఇలాంటివే చేయించొచ్చు, పదేగా,
అన్నాడు డ్వైట్.
"గచ్చే పెట్టండి. పూలు నేను వేస్తా.
చెయ్యి వణుకుతుంది,
కాడలకి అదే కావాలి."

గోడ ఆరాక మళ్ళీ పేర్చాం,
తాపీ పని తాపీగానే.
యాభై ఎనిమిదిని పెట్టే ముందు
బలపం తీశాను, తప్పు దిద్దుదామని.
దిద్దలేదు.
తడి గచ్చు మీద ఒత్తి పట్టుకున్నాను,
అంటుకున్నాక కూడా కాసేపు.