జీతం బదులు

ఆక్వేరియం అంగడి మూసేసిన దినం
మూడు నెల్ల జీతం బదులు
మా గౌసియా చేతిలో పెట్టినాడు షావుకారు
అద్దాల పెట్టెలో ఒక బల్లిని,
మూతేసిన ప్లాస్టిక్ టబ్బులో
దాని బువ్వని.

బువ్వ కదలతాంది.

"బొద్దింకలు గదే!" అంటి.
"దూబియాలు మా," అనె బిడ్డ.
పేరు మారిస్తే చుట్టాలైపోతాయా?
ఎగరవంట. నున్నటి గోడ ఎక్కలేవంట.
గుడ్లు కడుపులోనే పొదిగి
పిల్లల్నే కంటాయంట.
"నీ మాదిరే," అనె.
కొట్టడానికి ఎత్తిన చెయ్యి నవ్వొచ్చి దిగిపాయ.

మంచం కింద పెట్టినాం.
కడప రోడ్డు గుడ్ల దుకాణంలో అట్టలు అడుక్కొచ్చి
నిలువుగా నిలబెట్టినాం, బడి గదుల మాదిరి.
బెంగుళూరులో వీటికి కరెంటు వెచ్చన కావాలంట.
మా తాడిపత్రిలో రేకుల కప్పే చాలు.
ఏప్రిల్ నెల
ఆ ఇంట్లో సుఖంగా ఉండేది అవే.

క్యారెట్ తొక్క, గోధుమ పొట్టు,
పిడికెడు చెనిక్కాయల చెక్క.
పొయ్యి కాడ కనబడిన దాన్ని చెప్పుతో కొట్టిన చెయ్యే
సబ్బుతో కడుక్కోని వచ్చి
వీటికి తొక్క తరుగుతాంది.
ఏది దొంగో ఏది ఇంటిదో
చేతికి తెలిసినట్టు నాకు తెలీదు.

పక్కింటి ఓబుళమ్మ పంచాంగం పట్టుకోనొచ్చె,
మీద పడితే ఏం ఫలమో చూస్తానని.
"గోడే ఎక్కలేదు పెద్దమ్మా, యాడినుంచి పడతాది?"
కాళ్ళకు జిగురు లేదు దానికి.
కళ్ళకు మాత్రం రెప్పలుండాయి.
తలది, భుజానిది, ఎడమ చేతిది
ఆఖరి పేజీ అంతా వేలు పెట్టి వెదికె ఓబుళమ్మ.
రెప్పలార్పే బల్లికి
ఏమీ రాసిలేదు.

రాత్రిపూట ఏరేది నా పని.
బిడ్డకు చెయ్యి రాదు,
కొన్నిటికి పేర్లు పెట్టుకునింది.
కడుపుతో ఉండేది వద్దు. మరీ పసిది వద్దు.
రెక్కలుండేవి మగవి, ఎక్కువైనాయి,
వాటినే తీయాల.
"యాడైనా మగోళ్ళదేనా ముందు వంతు?" అంటాడు
వాకిట్లో చొక్కా దులుపుకుంటా మా ఆయన.

ఏరిన దాన్ని డబ్బాలో వేసి
రెండు ఊపులు ఊపాల.
లోపల కాల్షియం పొడి, బల్లి ఎముకలకంట.
మూత తీస్తే
మీసాల కొసల దాకా తెలుపు,
ఎటు పోవాల్నో తెలీని నడక.

అది మొదటిసారి చూసిన రాత్రి
నబీరసూలు గడప మీదనే నిలబడిపాయ.
బండలకు నునుపు పట్టే ఫ్యాక్టరీలో ఇరవై రెండేండ్లు.
కనుబొమల్లో పొడి, చెవి మడతల్లో పొడి,
జేబులో టిఫిన్ చీటీ మీద పొడి.
"నన్నూ ఇట్లనే ఊపి పంపిస్తారు మే," అనె.
నవ్వినాడు.
నవ్వు దగ్గులోకి జారె.
దగ్గు చానాసేపు ఉండె.
గౌసియా డబ్బా మూత బిగించి, విప్పి,
మళ్ళీ బిగించె.

నిన్న రాత్రి టబ్బులో చెయ్యి పెడితే
అట్ట సందులో ఒకటి తెల్లగా ఉండాది.
పొడి కాదు. ఊపలేదు ఇంకా.
ఒలిచిన తెల్లగడ్డ పాయ మాదిరి, మెత్తగా,
పక్కనే దాని పాత తోలు.
"ముట్టొద్దు మా," అనె బిడ్డ,
"తెల్లారేలోపల రంగు తిరుగుతాది."

వాకిట్లో ఆయన
ఐదో చెంబు గుమ్మరించుకుంటాండాడు.
నాపరాళ్ళ సందుల్లో కాలువ
ఇంకా పాల మాదిరే పారతాంది.

అట్టను ఉన్నచోట మెల్లిగా పెట్టేస్తి.
అద్దం వెనక బల్లి
తోక కొస ఆడించింది,
ఆకలైనట్టుంది.
ఇంకొకదాని కోసం
చెయ్యి లోపలికి పెట్టినా.