డెబ్బై మూడో తలుపు

డండీలో మాకిచ్చిన గదికి ఒకటే కిటికీ.
అందులోంచి టే నది, పైన
పిండి ఆరేయడం మరిచిన దుప్పటిలా ఆకాశం.
మొదటి రోజే ప్రొఫెసర్ అన్నాడు:
"ఎవరి సబ్జెక్టు వాళ్ళ జేబులోనే దాచుకుంటే
క్రిస్మస్‌కి నలుగురూ నాలుగు దార్లు."

ఇష్బెల్‌ది కెమిస్ట్రీ.
గోరంత బిళ్ళ, మరిగే నూనెలో ముంచితే
ఆ నూనె ఇంకెన్నాళ్ళు బతుకుతుందో రంగు మారి చెబుతుంది.
ఐదేళ్ళ పీహెచ్‌డీ ఆ గోటి మీదే గడిచింది.
సెనైత్‌ది ఎంబీఏ. తల్లిది అస్మారా, తనది లీత్ రేవు,
పైసా తేడా వస్తే నిద్రపోదు.
ఫింగల్ డిజైనర్. ఏది చేతికిచ్చినా అంచులు గుండ్రం చేస్తాడు.
నేను లా.
బిళ్ళ చుట్టూ మాటలతో కంచె కట్టడం నా పని.
"ఒక పరికరం, ఏదైతే" అని మొదలై
ఊపిరి తీసుకోనివ్వని ఒకే ఒక్క వాక్యం.
అందులో ఒక్క కామా జారినా
పక్కవాడి గొర్రె లోపలికొచ్చి మేస్తుంది.

వంద తలుపులు తట్టమన్నారు.
అమ్మొద్దు, అడగండి, అడిగాక నోరు మూసుకోండి అన్నారు.

చేపల వేపుడు కొట్లన్నీ తిరిగాం.
ఆర్‌బ్రోత్‌లో ఒకాయన ఆలూ ముక్క నూనెలో వేసి
"ఇదే నా ల్యాబు" అని నవ్వాడు.
మిగతావాళ్ళలో ఎక్కువమంది
వేలితో ముక్కు చూపించారు, అంతే.
సెనైత్ పట్టికలో ఒక గడి: ముక్కు, నలభై ఒకటి.
"ఐదేళ్ళు చదివి మనిషి ముక్కుతో పోటీకొచ్చానన్నమాట"
అంది ఇష్బెల్, బస్సులో, ముక్కు చీదుతూ.
జలుబో ఏడుపో ఎవరం అడగలేదు.

డెబ్బై మూడో తలుపు ఫిలొమెనాది.
(అది ఆమె పేరు కాదు. కంచెలు కట్టడం నా వృత్తి.)
ఫిబ్రవరి, కొట్టు కట్టేసే వేళ, సన్నని వాన.
మా ప్రశ్నలన్నిటికీ ముక్తసరిగా అవునూ కాదూ.
ఫింగల్ మాత్రం ఆమెను చూడలేదు,
పొయ్యి పక్కన స్టూలెక్కిన మనవణ్ణి చూస్తున్నాడు.
వాడు నూనె మీదికి వంగుతాడు, గాలి పీలుస్తాడు,
నానమ్మ వైపు చూసి తల ఊపుతాడు.
ఆమె అప్పుడు చేప వేస్తుంది.

అడిగింది ఫింగలే, చాలా మెల్లిగా.
ఆమె తలుపు గడియ పెట్టి వచ్చి చెప్పింది:
రెండేళ్ళ కిందటి జ్వరం పోతూ పోతూ
వాసనని కూడా తీసుకుపోయిందట.
"వాసన తెలియని దాని చేతి కూడు ఎవరు తింటారు?
ఆగస్టులో వీడికి హైస్కూలు. మధ్యాహ్నాలు ఎవరున్నారు నాకు?"
తర్వాత ముక్కుసూటిగా:
"మీ బిళ్ళ రంగు మారితే కుదరదు. కొట్లోకొచ్చేవాళ్ళు చూస్తారు.
నా ఒక్కదాని చేతికే తెలియాలి."

ఆ రాత్రి ఫింగల్ గీసిన బొమ్మలన్నీ చింపేశాడు.
రంగు బదులు గరిటె పిడిలో చిన్న వణుకు.
ఇష్బెల్ మళ్ళీ మొదటి నోట్‌బుక్ తెరిచింది, తిట్టుకుంటూనే.

పెట్టుబడిదారుల ముందు నిలబడే రోజు
ప్రొఫెసర్ అన్నాడు: "ఆమె కథ చెప్పండి, డబ్బు అక్కడుంది."
నిజమే, అక్కడే ఉంది.
సెనైత్ పట్టికలో డెబ్బై మూడో వరస ఖాళీగా వదిలింది.
జీవితంలో మొదటిసారి లెక్క తప్పించి
ఆ రాత్రి హాయిగా నిద్రపోయానంది.
మాకు మూడో స్థానం.
చెక్కు అద్దెకి సరిపోయింది, పూర్తిగా కాదు.

నా వాక్యంలో మాత్రం నాలుగు మాటలు చేర్చాను:
"చూపరులకు కనిపించని విధంగా అమర్చబడి."
పేటెంటు ఆఫీసు ఎందుకని అడగలేదు.

ఆగస్టు రెండో వారం గరిటె తీసుకెళ్ళి ఇచ్చాం.
స్టూలు గోడవారగా, ఖాళీగా ఉంది.
పిడి ఒకసారి వణికింది. ఆమె నూనె మార్చింది.
కాగితంలో నాలుగు పొట్లాలు కట్టి, డబ్బు వద్దని
మా ఎదురుగా కూర్చుంది.
"రుచి సంగతి వదిలేయండి,
వాసన ఎలా ఉందో చెప్పండి."

అంకెలు లేకుండా మాట్లాడటం రాని ఇష్బెల్
కళ్ళు మూసుకుంది.
ముందు వెనిగర్, అంది.
దాని వెనక తడిసిన కాగితం.
ఆగండి, ఇంకోటి ఉంది...