బదులు

పదానికి రూపాయిన్నర నా రేటు.
ఊరి పేరుకీ అంతే, ఇంటి నంబరుకీ అంతే,
ఆ ఫైల్లో నలభై మూడుసార్లు వచ్చిన
ఆ ఒక్క ఇంగ్లిషు మాటకీ అంతే.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, లేబరాఫీసు, రెండో అంతస్తు.
లిఫ్టు ఇవాళ కూడా పనిచెయ్యడం లేదు.
బెంచీ మీద ఉశెనమ్మ.
జీడిమెట్లలో అట్టపెట్టెల కంపెనీ, పంచింగ్ మిషను.
కుడిచెయ్యి కొంగులో దాచుకుని అడిగింది:
"ఏమని రాస్తున్నవ్ బిడ్డా?"

"నష్టపరిహారం" అన్నాను.

"పరిహారమా?
అది అయ్యగారు చెప్తడు గద,
శనివారం నల్లనువ్వులియ్యి, తొమ్మిది చుట్లు తిరుగు అని.
నా గ్రహం బాగనే ఉండె.
మిషను బ్రేకే బాగ లేకుండె."

కొట్టేశాను.
ప్రతిఫలం అని రాశాను.
వేళ్లు తెగాక ఫలమెక్కడిది?
ఆ శ్లేషకి నాకే సిగ్గేసి
దాన్నీ కొట్టేశాను.

పారితోషికం అంటే
ఎవరో శాలువా కప్పినట్టుంది.
సంభావనకి తాంబూలం కావాలి.
బహుమానం, ఛీ.
జీతం అందామంటే, ఆ నెల
ఇరవై ఒకటిన్నర రోజులకి లెక్కగట్టి ఇచ్చారట.
వేళ్లు పోయిన రోజుని
సగం పూట కింద వేశారు.
ఇక మామూలు అంటారా,
ఈ భవనంలో అనువాదం అక్కర్లేని మాట అదొక్కటే.

అటెండరు గౌస్ మొహియుద్దీన్
ఫైళ్ల దుమ్ము దులుపుతూ అందుకున్నాడు:
"ముఆవజా లిఖో అమ్మా, ముఆవజా.
ఇవజ్ లోంచి వచ్చింది. ఇదానికి ఇది.
మగర్ ఉంగ్లీ కే ఇవజ్ మే క్యా దేతే జీ?"
తుమ్మి, వెళ్లిపోయాడు.

ఏమిస్తారో చట్టం వెనక పట్టికలో ఉంది.
చూపుడువేలు పద్నాలుగు శాతం.
నడిమివేలు పన్నెండు.
ఉంగరంవేలూ చిటికెనవేలూ తలా ఏడు.
చదివి వినిపించాను.
ఉశెనమ్మ కొంగులోంచి చెయ్యి తీసింది.
మిగిలిన వేళ్ల మీద బొటనవేలు ఆడించింది.

"ఒక్కో ఏలుకు మూడు కణుపులు.
కైకిలి లెక్క దీని మీదనే పెడుతుంటి.
ఇప్పుడు సోమారం కాడ మొదలువెడితే
ఆరు రొజులు ఎటు పోతున్నయో సమజైతలేదు.
ఆ ఆరు రోజులు రాసిన్రా అండ్ల?"

పట్టిక పైనుంచి కిందికి చూశాను.
రాయలేదు.

"నువ్వే చెప్పమ్మా, ఏ మాట పెట్టను?"

గోడమీది ఫ్యాను నాలుగుసార్లు తలతిప్పింది.

"బదులు అని రాయి" అంది.

మా బాపట్ల వైపు బదులంటే జవాబు.
వాళ్ల కోయిల్‌కొండ వైపు బదులంటే అప్పు,
కాయితం లేకుండా, మాట మీద, చేతిలోంచి చేతిలోకి.
"మా తాన తీసుకున్నోడు మల్ల ఇయ్యాలె.
ఇయ్యకుంటె వాని వాకిట్ల కూసోని అడగాలె.
నేను కూసున్న. మూడేండ్లాయె.
సేటు బయటికే రాకపాయె."

ఇటు జవాబూ రాలేదు, అటు అప్పూ తీరలేదు.
రెండు జిల్లాల అర్థాలూ
ఒక్క ఆడమనిషికి బాకీ పడ్డాయి.

రాశానా? రాయలేదు.
నలభై మూడు చోట్లా నష్టపరిహారమే పెట్టాను.
ఆఫీసుకి తెలిసిన మాట అది.
అరవై నాలుగున్నర రూపాయలు, నాకు.

కింద ఇరానీ హోటల్లో
చాయ్ మీద మీగడ తేలుతోంది.
నేను పర్సు జిప్పుతో తంటాలు పడుతుంటే
ఆమె ఎడమచేత్తో చిల్లర
ఒక్కొక్కటే కౌంటరు మీదికి జరిపింది,
రెండు చాయ్‌లకీ.

అయ్యో, వద్దన్నాను.

"బదులనుకో.
పదిహేడుకు పేషీ ఉంది గద,
అప్పుడిద్దువు."