ఏడే రాశాను

భూకంపం వచ్చి పదకొండు రోజులు.
వాల్పరాయిసోలో, కొండ మీది మా క్లినిక్ గోడకి
గడియారం నుంచి కిటికీ దాకా కొత్త బీట.
దాని కిందే కూర్చున్నాడు ఎర్మోహెనెస్,
కొండ లిఫ్టు నడిపేవాడు, అరవై ఎనిమిదేళ్ళు.
"బూట్లతోనే పడుకుంటున్నా డాక్టరమ్మా."

నిద్ర సుఖమెరుగదంటారు.
భయం పరుపునే ఎరగదు.

అడగాల్సినవి అడిగాను.
గురక పెడతారా? మధ్యలో ఊపిరి ఆగుతోందని
మీ ఆవిడ ఎప్పుడైనా చెప్పిందా?
రాత్రి భోజనంలో వైన్ ఎన్ని గ్లాసులు?
"ఒకటి" అన్నాడు. నేను చూస్తూనే ఉన్నాను.
"మూడు."
వేరే మందులు?
జేబులోంచి పొట్లం తీశాడు,
నడుం నొప్పికని వదినగారిచ్చినవి.
అవీ ఇవీ కలిస్తే
ఊపిరి తీయడం ఒళ్ళు మర్చిపోతుందని
పొట్లం నా దగ్గరే ఉంచుకున్నాను.

ముప్పై రాయమన్నాడు,
మాటిమాటికీ ఈ కొండ ఎక్కలేనన్నాడు,
లిఫ్టు నడిపే మనిషి!
ఏడే రాశాను. అదీ చిన్న మోతాదు.
పక్క మీద కూర్చున్నాకే వేసుకోండి.
ఆ రాత్రికి చుక్క వైన్ కూడా వద్దు.
పొద్దున తల దిమ్ముగా ఉంటే లివరు ముట్టొద్దు,
ఆ పెట్టెలో పద్నాలుగు మంది ఉంటారు.
పక్కింటివాళ్ళు ఒక్కటే కదా అన్నా ఇవ్వకండి.
వారానికి రండి.

వచ్చాడు. రేకులో ఇంకా ఐదున్నాయి.

రెండో రాత్రి మళ్ళీ కదిలిందట నేల.
గిన్నెలు దొర్లాయి, వీధి కుక్కలన్నీ ఏడ్చాయి,
ఒర్తెన్సియా పేరు పెట్టి అరిచి, చెంప వాయించి,
చివరికి కాళ్ళు పట్టుకుని ఈడ్చింది.
"మెలకువొచ్చాక
గుమ్మం ఎటుందో తెలీలేదమ్మా.
నలభయ్యేళ్ళ ఇల్లు."

అడగాల్సినవన్నీ అడిగాననుకున్నాను.
నేల కదిలితే మిమ్మల్ని లేపేదెవరని
అడగలేదు.

"ఇప్పుడు వంతులేసుకున్నాం" అన్నాడు,
"రెండింటిదాకా ఆవిడ, తర్వాత నేను.
ఆవిడ కుర్చీలో అల్లుకుంటూ కూర్చుంటుంది,
ఆ సూదుల టిక్కుటిక్కు వింటూంటే
ఎప్పుడు పోతానో నాకే తెలీదు."

ఐదు బిళ్ళలూ బల్ల మీద పెట్టాడు,
చిల్లర తిరిగిచ్చినట్టు.
రిజిస్టరులో రాశాను: వాపసు, ఐదు.
బీట వైపు చూసి, చూపుడువేలితో కొలిచి,
"పెరగలేదు లెండి" అని
నాకు ధైర్యం చెప్పి వెళ్ళాడు.

ఆ రాత్రి ఇంట్లో దీపం ఆర్పబోతూ చూశాను,
మంచం పక్కన నా బూట్లు,
లేసులు వదులు చేసి, మొనలు గుమ్మం వైపు తిప్పి.
ఎదురు కుర్చీలో
మడత పెట్టని బట్టలు.