వాసేంగ్

గంటకి ఇరవై యూరోలిచ్చి
సినిమావాళ్లు నన్ను మాట్లాడ్డానికి పెట్టుకున్నారు.
ఇన్నేళ్లూ ఇదే నోటితో ఊరికే మాట్లాడాను,
చీవాట్లు తప్ప చిల్లిగవ్వ రాలలేదు.

హాస్య చిత్రమట.
అందులో మేం పేజీకోసారి వానలో తడుస్తాం,
తడిసినప్పుడల్లా తాగుతాం.
మా ఆయన గనిలోంచి వచ్చి
గోళ్లలో బొగ్గు పోయేదాకా తోముకుని
అప్పుడు అట్లాసు తెరిచేవాడు.
ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

నా విద్యార్థి పేరు రెమి పెల్లెగ్రాన్.
పావురాల పందెగాడి వేషం.
చికోరీ కాఫీ ఇస్తే మొహం ముడవకుండా తాగాడు,
నటుడే, సందేహం లేదు.

"మీరు స అన్నచోట మేం ష అంటాం బాబూ,
మీరు ష అన్నచోట క అంటాం.
మీ కుక్క షియేఁ, మా కుక్క కియేఁ.
మరి మీ క ఏమైందంటావా,
దాని జోలికి ఎవరూ పోలేదు, పాపం."

అతను బుగ్గలో వేడి బంగాళాదుంప కుక్కుకున్నట్టు
వాక్యమంతా నమిలి అప్పజెప్పాడు.
"అది మా యాస కాదు నాయనా, పంటినొప్పి."

ఏడేళ్లప్పుడు నేనూ ఒక కుక్కనే చదివాను,
బల్ల ముందు నిలబడి, గట్టిగా, మా ఇంటి కుక్కలాగే.
"ఎడ్మోంద్, నోరు కడుక్కుని రా" అంది పంతులమ్మ.
పిచ్చిదాన్ని, నిజంగానే వెళ్లాను.
పంపు గడ్డకట్టి ఉంది, మంచుతో పుక్కిలించి వచ్చాను.
క్లాసంతా విరగబడి నవ్వింది.
నేను నటించిన మొదటి హాస్య చిత్రం అదే.

మూడో రోజు అతని మోచేయి తగిలి కాఫీ ఒలికింది.
పాఠమని కాదు, అలవాటుగా అన్నాను:
"ఆ వాసేంగ్ ఇలా అందుకో."
నేల తుడిచే గుడ్డ. అంతకన్నా ఏం లేదు.
కానీ దాని చివర ఒక గ్ ఉంది,
పారిస్ నుంచి దిగినవాళ్లలో ఒక్కరికీ పలకలేదది.
దర్శకుడైతే వాసేఁ అని ముక్కులోకి మింగేశాడు.
ఇతను వంగి, గుడ్డ తీసి, ఏమీ ఆలోచించకుండా
"వాసేంగ్" అన్నాడు.
గడియ పడినట్టు పడింది గ్.

"ఎక్కడిదయ్యా నీకది?"

గుడ్డ పిండుతూ ఉండిపోయాడు.
వాళ్లది ఎక్కడో దిగువన, మార్తీగ్, ఉప్పునీళ్ల ఊరు.
అక్కడ రొట్టెని పెంగ్ అంటారట,
రేపటిని దుమేంగ్ అంటారట,
మాటకో తోక, ఎండలో ఊపుకుంటూ తిరిగే తోక.
నటన నేర్పే బడిలో పళ్ల మధ్య సీసా బిరడా పెట్టి
రెండేళ్లు కూర్చుని కత్తిరించారట.
క్రిస్మస్‌కి ముందు ఇంటికి ఫోన్ చేస్తే
వాళ్లమ్మ మర్యాదగా అడిగిందట,
"ఎవరండీ మాట్లాడేది?"

"ఏదీ, మీ అమ్మలా ఒకసారి అను."
అన్నాడు.
ఆలివ్ నూనె ప్రకటనలా వచ్చింది.
మళ్లీ అన్నాడు, ఇంకా అధ్వాన్నం.
నేను నవ్వలేదు. పంపు గుర్తొచ్చింది.

గంట అయిపోయింది, లేవలేదు.
ఎప్పుడో ఆరిన పలకనే తుడుస్తూ
లోలోపల వెతుక్కుంటున్నాడు,
వాసేంగ్, వాసేంగ్, పెం...
ఆ రెండో గంటని నేను బిల్లులో రాయలేదు.

సినిమా వచ్చింది. ఆ మాట అందులో లేదు,
పారిస్‌లో అర్థం కాదని తీసేశారట.
మా ఊరి హాల్లో కుర్చీలు కదిలేలా నవ్వారు జనం.
అబద్ధమెందుకు, నేనూ నవ్వాను,
పావురం మేయరు టోపీలో గుడ్డు పెట్టినప్పుడు.

ఇంటికొచ్చేసరికి వాన
(స్క్రిప్టులో రాసినట్టే, ఛీ),
గుమ్మం నిండా నా బూట్ల బురద.
బకెట్ వెనక చెయ్యి పెట్టి వెతికాను,
ఎవరూ లేరుగా,
పేరు పెట్టి గట్టిగా పిలిచాను దాన్ని.