సీట్లు: ఒకటి ప్లస్ ఒకటి

డ్యాష్‌బోర్డు అరలో పాలిథిన్ కవరు.
నా బండి ఆయుష్షంతా అందులోనే ఉండాది.
ఆర్సీ, పర్మిట్టు, టాక్సు, పొల్యూషను,
వెనక రేడియం టేపు జానెడు తగ్గిందని
నెల్లూరులో పూటంతా ఎండన నిలబెట్టి
సాయంత్రానికి చేతిలో పెట్టిన ఫిట్‌నెస్సు.
అన్నిటికీ అడుగున, నాలుగు మడతల్లో, బీమా.
మూలన నిమ్మరసం మరక.

ఆ మడతలు నేనెప్పుడూ విప్పలా.
ఏటా ఏజెంటు ఖాదర్‌మస్తాన్ వస్తాడు,
"ఇక్కడ సంతకం" అంటాడు, పెడతా.
ఈసారి ఏమనిపించిందో
టీ గ్లాసు పక్కన పెట్టి ఒక గీత మీద వేలుంచాడు.
సీట్లు: ఒకటి ప్లస్ ఒకటి.
"తోలే నువ్వొకడివి. సరుకు దించేవాడొకడు.
బస్తాల మీద ఇంకో మనిషి ఎక్కితే, పెంచల్రావూ,
ఆ మనిషి ఈ కాయితంలో పుట్టనే లేదు."
"పడితే?"
"పడితే బండి అమ్ముకోవాల.
చాలకపోతే ఏం అమ్ముకుంటావో
నువ్వే చూసుకోవాల."
టీ చల్లారింది. తాగకుండానే పోయాడు.

ఆరేళ్లు.
ప్రభగిరిపట్నం తోటల్లో లోడెత్తిన ప్రతి పొద్దూ
కాయ కోసిన ఆడోళ్లు బస్తాల మీదెక్కి కూర్చునేవాళ్లు.
గుంత రాగానే అందరూ ఒక్కసారి "ఓలమ్మో" అనేవాళ్లు,
అద్దంలో చూసి నవ్వుకునేవాణ్ణి.
ఆరేళ్లుగా
పుట్టని మనుషుల్ని మోశానన్నమాట.

ఇవాళ లోడు నలభై బస్తాలు.
ప్రతి బస్తాకీ లెక్కుంది, మార్కెట్లో కాటా చీటీ ఉంటది.
ముళ్లు గీరిన చేతులతో ముగ్గురు నిలబడుండారు:
చెంగమ్మ, సుబ్బరత్నం, మోకాలు వాచిన నాగూరమ్మ.
ఎక్కబోతుంటే చెయ్యడ్డం పెట్టా.
"కాయితం ఒప్పుకోదు" అన్నా.
చెంగమ్మ నన్నూ బండినీ చూసి
"ఏం నాయనా, మేం నిమ్మకాయల కన్నా బరువా?" అంది.
నాకు నోరు రాలా.
"ఆ కాయితం నా చేతికియ్యి, నేనడుగుతా దాన్ని."
సుబ్బరత్నం అప్పటికే నడక మొదలుపెట్టింది.

చీకటి పడతా ఉండాది.
గ్రావెల్ టిప్పర్లు లైట్లు లేకుండా ఉరికే దోవ.
మూడు కిలోమీటర్లు.
నా క్లీనరు కుర్రోడు పెళ్లికని పోయాడు,
పక్క సీటు ఖాళీ.
"నాగూరమ్మా, ఈ పూటకి నువ్వు నా హెల్పర్వి. ఎక్కు."
ఆమె ఎక్కలా. కొంగు నడుముకి దోపి
"కూలెంత?" అంది.
నవ్వొచ్చింది. తరవాత రాలా.
"నలభై."
"యాభై. మోకాలు నొప్పికి పదెక్కువ."

ఫస్టు గేరులో పోనిచ్చా.
ముందర వాళ్లిద్దరూ, వెనక నేను.
హెడ్‌లైట్లో వాళ్ల నీడలు
వాళ్లకంటే ముందే ఊళ్లోకి పోతా ఉండాయి.
ఇంజను వేడెక్కింది. ఫోను మోగింది,
"కాటా మూస్తున్నాం, యాడుండావ్?"
రోడ్డు మీద ఉండా అన్నా.
కిలోకి రెండు రూపాయలు దిగుతుందన్నాడు.
దిగనీ అనలేదు నేను, అంత గొప్పోణ్ణి కాదు.
లెక్కేసుకుంటానే తోలా.
దోవ పొడుగునా నాగూరమ్మ కిటికీలోంచి
ముందు నడిచేవాళ్లకి
"గుంత, గుంత" అని అరస్తానే ఉంది.
హెల్పరు పనే అది.

కాలనీ మలుపులో దిగి చెయ్యి చాచింది.
యాభై ఇచ్చా.
పొదలకూరులో కాటా మూసేశారు.
గుమస్తా రేటు తగ్గించి రాసిన చీటీ వెనక
పెన్సిలుతో నేనూ రాశా:
హెల్పరు, నాగూరమ్మ, ఒక గంట, యాభై.
మడిచి బీమా కాయితం మీదుంచా.
రేపేదైనా జరిగితే
ఈ చీటీని ఎవరన్నా చదవతారో లేదో,
ఖాదర్‌మస్తాన్‌ని అడగాల.
అడిగితే మళ్లా టీ చల్లార్చుకుంటాడేమో.

పొద్దున్నే ఆ ఇద్దరూ మళ్లా తోటకొస్తారు.
నాకున్న సీటు ఒకటే.